సూదుల కుండ

"గడియ పెట్టు. ఇక ఎవరొచ్చినా తియ్యకూడదు," అంది హపకా అవ్వ.

ఓమెల్కో గడియ బిగించి, గొడ్డలి కామ పుచ్చుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. పొయ్యి మీద కుండలో, పాలు వడకట్టే గుడ్డా గుప్పెడు సూదులూ కలిసి కుతకుత ఉడుకుతున్నాయి. వాళ్ల ఆవు లిస్కా పాలు సగానికి సగం పడిపోయాయి. వసంతంలో వచ్చే యూరి పండగ ముందు ఆవు పాలు తగ్గాయంటే అది మంత్రగత్తె పనేనని ఓమెల్కో తల్లి యావ్దోఖా తేల్చేసి, పక్క ఊరి నుంచి ఈ అవ్వను పిలిపించింది. పాపం, ఆవునెవరూ ఒక్క మాట అడగలేదు.

"సూదులు ఉడికేకొద్దీ పాలు కాజేసిన దాని ఒళ్లంతా పొడుస్తాయి. తట్టుకోలేక ఇక్కడికే పరిగెత్తుకొస్తుంది. ఉప్పో నిప్పో, ఏదో ఒకటి ఇమ్మంటుంది. ఇచ్చామా, తప్పించుకుపోతుంది. ఇవ్వకూడదు. మొదట నోరు తెరిచి అడిగిందే మంత్రగత్తె!"

"ఎవరైనా సరేనా?" అన్నాడు ఓమెల్కో.

"నిన్ను కన్నతల్లైనా సరే! కాళ్లూ చేతులూ కట్టేసి ఏట్లో పడెయ్యడమే. తేలిందా, మంత్రగత్తే."

"మునిగితే?"

"మునిగితే మంచిదే పాపం, అనుకుంటాం."

ఓమెల్కో పెళ్లాం క్రిస్త్యాకి గుండెల్లో రాయి పడింది. రోజూ తెల్లవారకముందే ముంతెడు పాలు పిండి, కంచె మీదుగా పక్కింటి మెలాన్యాకి అందిస్తున్నది తనే. మొగుడు పోయిన మనిషి, ఒంట్లో పాలు ఇంకిపోయాయి, చంకలో మూడు నెలల పిల్ల. ఇవాళ క్రిస్త్యాని గుమ్మం దాటనివ్వలేదు. కంచె దగ్గర చూసి చూసి మెలాన్యా ఇక్కడికే వస్తుంది, పాలు అడుగుతుంది. నిజం చెప్పేద్దామంటే, అది నీకు మందు పెట్టి ఈ పని చేయించిందంటారు.

"అత్తయ్యా, ఆవుకి కాస్త గడ్డి వేసొస్తాను."

"కదలకు!" అని కసిరింది అవ్వ. "నీకెందుకంత తొందర?"

క్రిస్త్యా వెనక్కి తగ్గింది. కిటికీలోంచి చూస్తే కంచె అవతల మెలాన్యా తలగుడ్డ కనిపించింది. చంకలో పిల్ల ఏడుస్తోంది. క్రిస్త్యా గబగబా మూలనున్న పీపా దగ్గరికి వెళ్లి, ఉప్పు పేరుకున్న అడుగు నుంచి మూడు ఉప్పుచేపలు తీసి, రొట్టెతో అవ్వ ముందు పెట్టింది.

"పొద్దున్ననగా బయల్దేరారు. ఓ ముద్ద తినండవ్వా."

"నీ కోడలికి బుద్ధి ఉందే యావ్దోఖా!" అంటూ అవ్వ చేప తోక పట్టుకుని లాగించింది. "ఉప్పు కాస్త ముందుకుంది కానీ, రుచి భలే ఉంది."

"ఇంకోటి వేసుకోండి," అంది క్రిస్త్యా. పొయ్యిలో మరో రెండు కట్టెలు కూడా తోసింది. గదంతా ఉడికిపోతోంది. అవ్వ మూడో చేప కూడా తినేసి వేళ్లు నాక్కుంది.

వాకిలి తడిక కిర్రుమంది. ఎవరో నడిచి వస్తున్నారు. ఓమెల్కో కామ పైకెత్తాడు. యావ్దోఖా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంది.

తలుపు మీద దడదడ.

"వచ్చింది!" అవ్వ గుసగుసలాడింది. కళ్లు మెరుస్తున్నాయి. "ఎవరూ పలకొద్దు. దాన్నే అడగనివ్వండి."

"క్రిస్త్యా! ఒసే క్రిస్త్యా!" బయట మెలాన్యా గొంతు. "ఉన్నావా?"

క్రిస్త్యా గోడకి ఆనుకుపోయింది. దేవుడా, ఇంకొక్క క్షణం దాని నోరు కట్టెయ్యి, అనుకుంది.

అవ్వ పొడిదగ్గు దగ్గింది. మళ్లీ దగ్గింది. గొంతు పట్టుకుంది. నోరు పిడచకట్టుకుపోయి పెదాలు అతుక్కుపోతున్నాయి.

"అమ్మాయ్... గొంతెండిపోతోందే... కాసిని మంచినీళ్లియ్యి..."

ఓమెల్కో కామ పట్టుకుని మెల్లగా తలుపు వైపు నుంచి ఇటు తిరిగాడు. క్రిస్త్యా నీళ్ల కుండ మీద మూత గట్టిగా నొక్కిపట్టింది.

"ఇవ్వకూడదు కదూ, అత్తయ్యా?"