పదిహేను రూపాయల సంతోషం

“ఏడుపు ముఖం పెట్టుకోండి, మాస్టారూ. అంతకు మించి మీరేం చెయ్యనక్కర్లేదు,” అన్నాడు బాయిలరు మేస్త్రీ, భోజనాల గది తలుపు దగ్గర ఆయన చొక్కా కాలరు సర్దుతూ.

“లేని ఏడుపు ఎక్కణ్నించి తేను? ఉన్నదున్నట్టు చెబుతాను.”

సబ్బుల ఫ్యాక్టరీలో తూకం గది ఆయనది. ప్రతి వందో సబ్బునూ తూచి, గ్రాము తేడా వచ్చినా పెట్టె మొత్తం వెనక్కి పంపిస్తారు. దెయ్యాన్ని చూశానని ఎవరైనా అంటే అది ఎంత ఎత్తుందో కొలిచావా అని అడిగే మనిషి. అందుకే అందరికీ ఆయన ‘రుజువు మాస్టారు’.

రోజుకూలీ ముప్పై రూపాయలు పెంచమని రెండు వందల మంది పెట్టుకున్న అర్జీపై విచారణాధికారి వచ్చి ఆ గదిలో కూర్చున్నాడు. కార్మికుల తరఫున ఒక్క సాక్షి చాలన్నాడు. రుజువు మాస్టారి నోట అబద్ధం రాదని యాజమాన్యం సైతం ఒప్పుకుంటుంది గనక, అందరూ ఏకగ్రీవంగా ఆయనను ముందుకు తోశారు.

పొద్దున బయలుదేరేటప్పుడు భార్యదీ అదే మాట. “ఏమండీ, అక్కడ మీ సిద్ధాంతాల మూట విప్పకండి. పిల్లకి నల్లబల్ల మీద అక్షరం ఆనడం లేదు. కూలీ పెరిగితే నెల తిరిగేసరికి కళ్లజోడు కొనొచ్చు.” పిల్ల అంటే వాళ్ల దగ్గరే ఉండి చదువుకుంటున్న మనవరాలు.

అధికారి కుర్రవాడు. మాస్టారు లోపలికి రాగానే లేచి నిలబడి, కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించాడు. పక్కన ఒక అమ్మాయి వాంగ్మూలం టైపు చేయడానికి కూర్చుంది. మాస్టారు వారం రోజులు శ్రమపడి రాసుకున్న కాగితం తీసి అద్దె, బియ్యం, మందులు వరసగా చదివారు. అధికారి ఓపికగా విన్నాడు.

“ఇవన్నీ ఇంటివండీ. మీకంటూ రోజూ ఏమైనా కొనుక్కుంటారా?”

మాస్టారు కాగితాన్ని వెనక్కి తిప్పి చూశారు. టైపు చేస్తున్న వేళ్లు ఆగాయి.

“ఇబ్బందైతే చెప్పొద్దులెండి,” అన్నాడు అధికారి, మెత్తగా.

ఆ మెత్తదనంలో జాలి ఉంది. జాలి అన్నది ఆయనకు చిన్ననాటి నుంచీ గిట్టదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని నిటారుగా కూర్చున్నారు.

“ఇబ్బందేముంది సార్? పదిహేను రూపాయలుంటే చాలు, రోజంతా రాజాలా గడిచిపోతుంది.”

“పదిహేనా! ఎలాగండీ?”

“ఆరు రూపాయలకి మూలమీద కొట్లో సగం గ్లాసు టీ. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకోవాలి. మొదటి గుక్కకి కళ్లు వాటంతటవే మూతపడతాయి. రూపాయికి నారింజ బిళ్ల. కొరక్కుండా బుగ్గన పెట్టుకుంటే పదకొండు నిమిషాలు.”

“గడియారం పెట్టి చూశారా ఏంటి?”

“చూడకుండా ఎలా చెబుతాను సార్? అయిదు రూపాయలకి బస్సులో రెండు స్టాపులు. ముందు కిటికీ సీటైతే ఇక చెప్పక్కర్లేదు. ఎదురుగాలికి జుట్టంతా వెనక్కి ఎగురుతుంది.”

టైపు అమ్మాయి ఆయన బట్టతల వంక చూసి ఫక్కున నవ్వింది. “మీకు జుట్టెక్కడిదండీ?”

“ఉన్నవాళ్ల సంగతమ్మా!”

ముగ్గురూ నవ్వుకున్నారు.

“మిగతా మూడు రూపాయలు?”

“పాత పుస్తకాల కొట్లో మూడు రూపాయలిస్తే బెంచీ మీద కూర్చుని ఏ పత్రికైనా చదువుకోవచ్చు. మంచి కథ తగిలిందంటే కాలు దానంతటదే ఊగుతుంది.”

అధికారి కలం మూసి, ఆయనకేసి ఆరాధనగా చూశాడు. “నేను ఇన్ని వేలు తెచ్చుకుంటూ ఇంత సంతోషపడింది లేదు మాస్టారూ. ఒక్క ముక్క పోకుండా రాస్తాను.”

“ఏడ్చారా?” బయట ఆత్రంగా అడిగాడు మేస్త్రీ.

“మర్యాదగా మాట్లాడాను,” అన్నారు మాస్టారు. ఆ పూట ఆయన నడకలో ఠీవి కనబడింది.

పది రోజులకు గేటు దగ్గర నోటీసు అంటించారు. “అవసరములన్నియు తీరిన పిమ్మట వినోదమునకై దినమునకు పదిహేను రూపాయలు మిగులుచున్నట్లు కార్మికుల సాక్షియే వెల్లడించినందున, కూలీ పెంపు అవసరమని తోచలేదు.”

ఆ సాయంత్రమే మేస్త్రీ కాగితం పట్టుకుని ఇంటికొచ్చాడు.

“చెప్పిందంతా అబద్ధమని ఒక్క సంతకం గీకండి. మళ్లీ విచారణ వేయిస్తాం.”

మాస్టారు కలం అందుకున్నారు. కాగితం చదువుతూ ‘అబద్ధం’ అన్న మాట దగ్గర ఆగిపోయారు. కలం కింద పెట్టేశారు.

“ఆ ధరల్లో ఒక్క పైసా తేడా ఉందేమో పోయి చూసుకో.”

“ధరలెవడడిగాడయ్యా నిన్ను! రెండు వందల మంది నోట మట్టి కొట్టి టీలు తాగుతున్నావా?” మేస్త్రీ కాగితం ఉండచుట్టి విసిరికొట్టి వెళ్లిపోయాడు.

భార్య అంతా వింటూ గుమ్మంలోనే నిలబడి ఉంది. గొంతు పెంచలేదు.

“మూడేళ్లుగా రాత్రిపూట మంచినీళ్లు తాగి పడుకుంటున్నాను. మీకు తెలుసు. మీరు బస్సుల్లో ఊరేగుతున్నారా? పోనీ, నా సంగతి వదిలెయ్యండి. పిల్లకి ఒక్క బిళ్లయినా తెచ్చిపెట్టాలని అనిపించలేదూ?”

లోపల మనవరాలు పుస్తకాన్ని ముక్కుకు ఆనించుకుని చదువుకుంటోంది. 

ఆ సంతోషాలన్నీ ఇతరులు అనుభవిస్తుంటే ఆయన పక్కన నిలబడి చూసినవే.