గ్రీజు పెట్టని బుష్షులు

బుష్షులో గ్రీజు లేదు.

హనుమండ్లు కారు కింద వెల్లకిలా పడుకుని, కమాను పట్టీ చివరి కన్నంలోంచి ఊడదీసిన బుష్షు, ఆ గొట్టంలాంటి ముక్క లోపలంతా వేలితో తడిమాడు. వేలు పొడిగానే బయటికొచ్చింది. దాని మధ్యలో ఉండే ఇనుప పిన్ను రుద్ది చూశాడు. అదీ అంతే. రెండోవైపుది కూడా విప్పాడు. అక్కడా జిడ్డు జాడ లేదు.

కాసేపు అలాగే కారు కింద పడుకుండిపోయాడు. ఆ బుష్షులు బిగించింది పరాయివాడైతే ఈపాటికి నాలుగు బూతులు తిట్టి లేచేవాడు. బిగించింది ముత్యం.

ముత్యం బొగ్గుగని వర్క్‌షాపులో లేత్ మిషను మీద సామాన్లు చేసే టర్నరు. ఇద్దరూ ఒకేరోజు గనిలో చేరారు. ఒకసారి పైకప్పు కూలితే ముత్యమే హనుమండ్లును భుజాన వేసుకుని బయటికి మోసుకొచ్చాడు. అప్పటినుంచి ఇద్దరివీ రెండు ఇళ్లు కావు, ఒక్కటే.

కారు పాత అంబాసిడర్. బదిలీ మీద పోతూ ఒక ఆఫీసరు చవగ్గా ఇచ్చిపోయాడు. వెనక కమాను పట్టీల రబ్బరు బుష్షులు చితికిపోయి, గుంత వచ్చిందంటే చాలు నడుం విరిగేది. మళ్లీ రబ్బరువి వేస్తే ఒక్క వానాకాలానికే పోతాయన్నాడు ముత్యం. బొగ్గు మోసే బెల్టును గీకి శుభ్రం చేసేందుకు వాడే పాలీయురేథేన్ అనే గట్టి ప్లాస్టిక్ ముక్క ఒకటి పారేస్తుంటే తెచ్చి, గనిలో సమ్మె మొదలవక ముందే లేత్ మీద తిప్పి బుష్షులు చేసి పెట్టాడు.

"ఇవి అరగయి. కాకపోతే లోపల గ్రీజు పెట్టకుంటే మాత్రం కీచుమంటయి" అని ముందే చెప్పాడు. దానికి మామూలు గ్రీజు పనికిరాదంటే, హనుమండ్లు కరీంనగర్ దాకా పోయి వేరే గ్రీజు డబ్బా కొనుక్కొచ్చి అతని చేతిలో పెట్టాడు.

సమ్మె వచ్చి పనికి పోయేది లేకపోవడంతో ఒక ఆదివారం ఇంటి ముందే పని పెట్టుకున్నారు. చక్రాలకు రాళ్లు పెట్టి, జాకీతో బండి ఎత్తి, పాత రబ్బరును కాల్చి పీకారు. కొత్తవి ఎక్కించే వేళకు, ఇక నేను చూసుకుంటాను, నువ్వు పోయి చాయ్ పెట్టించమన్నాడు ముత్యం. హనుమండ్లు లోపలికి పోయి భార్య అనసూర్యతో చాయ్ పెట్టించి తెచ్చేసరికి ముత్యం బోల్టులన్నీ బిగించేశాడు.

ఆ సాయంత్రం నుంచే మొదలైంది చప్పుడు. నూనె ఎరగని గిలకలా కీచు కీచుమని. పొద్దుగూకాక బండి తీసుకుని అలా తిరిగి రావడం హనుమండ్లుకు అలవాటు. ఇప్పుడు బండి గేరు మారకముందే, "హనుమండ్లు పోతుండు" అని నల్లా దగ్గర ఆడవాళ్లు తల ఎత్తకుండానే చెప్పేస్తున్నారు. ఎటు తిరిగాడో, ఎక్కడ ఆగాడో కాలనీ అంతటికీ ఎరుకే. అనసూర్య పడీపడీ నవ్వింది. అతను మాత్రం నవ్వలేదు.

అడిగితే ముత్యం, కొత్తవి కదా, నాలుగు రోజులైతే సర్దుకుంటాయనేవాడు. హనుమండ్లు నమ్మాడు. ఆ మనిషి మాట నమ్మక ఇంకెవరి మాట నమ్ముతాడు? బయటి నుంచి నూనె పూసి చూశాడు. చప్పుడు తగ్గలేదు.

ఈలోగా కాలనీలో కష్టం ముదిరింది. సమ్మె నడిపేవాళ్లు ఎక్కడ దాక్కున్నా మొదటినుంచీ ఒక్కొక్కరే పోలీసులకు దొరికిపోతున్నారు. చివరికి ఇస్తారి కూడా దొరికాడు. వీళ్లిద్దరితో పాటే గనిలో చేరినవాడు, ముగ్గురి జట్టులో మూడోవాడు. సుల్తానాబాద్‌లో చుట్టాలింట్లో ఉంటే అక్కడికే పోయి పట్టుకొచ్చారు. హనుమండ్లు బియ్యం మూట కారులో వేసుకుపోయి ఇస్తారి భార్య సరోజన ముందు దింపాడు. ఆమె ముఖం చూడలేక వాకిట్లోంచే తిరిగొచ్చాడు.

ఇక మిగిలింది ముత్యం ఒక్కడే. వాడూ ఇలా చేశాడు.

ఎందుకు చేసినట్టు? బండి కొన్నానని కన్ను కుట్టిందా? ప్రాణం పోసినవాడు పదిమందిలో నవ్వులపాలు చేస్తాడా? హనుమండ్లు పానా అందుకున్నాడు. బుష్షులు ఎట్లున్నవి అట్లాగే బిగించి, కీచుమనిపించుకుంటూ ముత్యం ఇంటికి పోయాడు.

ముత్యం క్వార్టరు కాలనీలో ఆఖరిది. అది దాటితే ఆఫీసర్ల బంగ్లాలే. అరుగు మీద కూర్చున్న ముత్యం లేవలేదు. ఎప్పుడూ లేనిది, రమ్మని కూడా అనలేదు. అతని వెనక కిటికీలో గ్రీజు డబ్బా ఉంది. మూత మీద అంటించిన కాగితం చిరగనే లేదు.

"గ్రీజు పెట్టుడు మర్సిపోయినవా రా?" అన్నాడు హనుమండ్లు. అవునంటే చాలు, అంతా మరచిపోదామనే ఉంది అతనికి.

"మర్సిపోలే. తెలిసే పెట్టలే."

హనుమండ్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. "తోడబుట్టినోని కంటె ఎక్కువ నమ్మిన నిన్ను. తిన్నింటి వాసాలు లెక్కవెడితివి గదరా. నేనేం పాపం చేసిన నీకు?"

ముత్యం లేచి డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇంగ పెట్టుకో. గా సప్పుడుతోని నా పని అయిపోయింది. మనోళ్లల్ల ఎవడో పోయి మేనేజరుకు చెప్తుండని బుష్షులు బిగించక ముందునుంచే అందరికీ అనుమానమే. నీ పేరు కూడ అన్నరు. నువ్వు కాదని తేలాలనే పెట్టలే."

ముత్యం అతని వైపు చూడకుండా బంగ్లాల రోడ్డు వైపు చూస్తూ అన్నాడు.

"ఇస్తారి యాడున్నడో మనిద్దరికే ఎరుక. పోలీసులు సుల్తానాబాద్ పోయిన ముందురోజు పొద్దుగూకినంక, నీ బండి సప్పుడు గా మేనేజరు బంగ్లా గేటు కాడ ఆగింది."