దినానికి పది మీటర్లు

"ఆడపిల్ల బండి నడుపుడేంది? పెండ్లయినంక నౌకరి బంద్ చెయ్యాలె," అంది పెళ్లిచూపులకు గోపాల్‌పేట వచ్చిన అబ్బాయి తల్లి బాలమణి.

సుహాసిని కొండ కింద రైలు సొరంగం తొలిచే యంత్రానికి ఆపరేటరు. అబ్బాయి నచ్చాడు. నౌకరి వదలడం మాత్రం ఆమెకు ఇష్టం లేదు.

"నా బండి దినానికి పది మీటర్లే పోతదమ్మా," అంది మెల్లగా.

బాలమణి పకపకా నవ్వింది. "మా బర్రె నయం! గట్లయితే జర సూపియ్యి. చూసినంక చెప్త."

మర్నాడు తల్లీకొడుకులు హెల్మెట్లు పెట్టుకుని సొరంగంలోకి వెళ్లారు. సుహాసిని మీట నొక్కగానే రెండంతస్తుల ఎత్తున్న యంత్రం గర్జించింది. కాళ్ల కింద నేల వణికింది. అవతల ఉన్న నల్లరాయి పిండిపిండై, కంకరై బెల్టు మీద ఇవతలికి రాసాగింది.

బాలమణి ఆ కంకర వంకే చూస్తూ అడిగింది: "రాయి మొండికేస్తే ఏం జేస్తవ్ బిడ్డా?"

"కోపం జెయ్య. మెల్లగ నూరుకుంటనే పోత, అత్తమ్మా."

బయటికి రాగానే బాలమణి కొడుకు చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"పిల్ల మంచిది. నౌకరి ముచ్చట నువ్వు తియ్యకు. నేను గూడ తియ్య."