బందెలదొడ్డిలో సూడి ఆవు

పెద్దవంక పొంగి జొన్నసొప్ప వాములు కొట్టుకుపోయిన ఏటికి అది నాలుగో ఏడు. ఆ తర్వాత ఆ ఊళ్లో మళ్లీ వాము లేవలేదు. ఆదోని మిల్లులకు పత్తి ఎంతైనా కావాలన్నారు. జొన్నచేలన్నీ పత్తిచేలయ్యాయి. నరసప్ప ఒక్కడే ఒక ఏడు మొండికేసి జొన్న విత్తాడు. ఊరి పిట్టలన్నీ అతని చేలోనే వాలాయి. మరుసటి ఏడు అతనూ పత్తే వేశాడు.

ఊరి పశువులు మేసే బీడును కూడా ఆదోని సావుకారు వీరభద్రయ్య గుత్తకు తీసుకున్నాడు. దున్నించి పత్తి వేయించాడు. చుట్టూ ముళ్లకంచె వేయించాడు.

ఆ కంచె లోపల నరసప్ప ఆవు మేస్తూ దొరికింది. సూడి ఆవు. కావలి సుంకప్ప దాన్ని బందెలదొడ్డికి తోలాడు. పరుల చేలో పడ్డ పశువును సర్కారు అక్కడే కట్టేస్తుంది. జుల్మానా కడితేనే వదులుతారు.

సుంకప్ప ఊరంతా వినేటట్టు అరిచాడు. “ఏమప్పా నరసప్పా! సావుకారు పత్తి నీ ఆవుకి పెండ్లి బోజనమనుకున్యావా?”

“తప్పైపాయెన్నా,” అన్నాడు నరసప్ప తల వంచుకుని.

ఇంట్లో ఉచ్చీరమ్మ ఊరుకోలేదు.

“తలుగు బిగించి కట్టమంటే ఇనవు. సూడిది. ఆడ దొడ్లో ఏమన్నా అయితే?” అంది. చేతి వెండి కడియం లాగి మొగుడి చేతిలో పెట్టింది. “కుదవ పెట్టి తోలుకరాపో.”

నరసప్ప కడియం మొలలో దోపుకున్నాడు. కుదవ పట్టే అంగడి దాటాడు. ఆగలేదు. దొడ్డి గోడ చుట్టూ తిరిగాడు. గోడ మీంచి తొంగి చూశాడు. మళ్లీ తిరిగాడు.

దొడ్డి కాసే మద్దయ్య చూసి కసిరాడు. “ఏంది, గానుగెద్దు మాదిరి తిరుగుతాండావు? లోపలికి రా.”

“మేస్తాందా?”

“మేయకేం! తుగ్గలి నుంచి సర్కారు సొప్ప బండ్లకేసి తెప్పిస్తే, సగం నీ ఆవే నమిలింది. తోలుకపో సామీ, నీకు పున్నెముంటాది.”

నరసప్ప తొట్టిలో నీళ్లు పోశాడు. ఆవు అతని చెయ్యి నాకింది. దాని కడుపు తడిమాడు. కడియం మాత్రం బయటికి తీయలేదు.

“పున్నమి దాకా ఉంచుతారా అన్నా?”

“ఉంచుతారు. అది దాటితే ఏలమే. కసాయోడు పాడినా నేనేం జెయ్యలేను.”

నరసప్ప గబగబా ఇంటికొచ్చాడు. ఉచ్చీరమ్మ వాకిట్లోనే ఉంది. అతని వెనక చూసింది. ఏమీ లేదు.

“ఆవేదీ?”

కడియం ఆమె చేతిలో పెట్టాడు. “ఉండనీ. పున్నమికి మళ్లా ఈ కడియం అడుగుతాలే.”

“అంతదూరం పోయి ఉత్తసేతుల్తో వస్తివా? నీది గుండెనా, బండరాయా?” కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నరసప్ప కొట్టంలోకి పోయాడు. మేత వేసే గాడిపాడిలో ఎండిన పత్తికట్టె తప్ప ఏమీ లేదు. ఎద్దు పడుకుని ఉంది. రెండు రోజులుగా లేపితే తప్ప లేవడం లేదు. అతను పైకెక్కి కప్పు మీది బోదగడ్డి పిడికెడు పీకి దాని ముందు వేశాడు. అది మేసింది. ఇంకో పిడికెడు పీకాడు. అప్పటికే సగం కప్పు దాని కడుపులోకి పోయింది. ఆ సందులోంచి ఎర్రటి సాయంత్రపు ఎండ ఎద్దు డొక్కల మీద పడుతోంది.

కూర్చున్నాడు. లేచాడు. వాకిట్లోకి పోయాడు. మళ్లీ కొట్టంలోకి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే నరసప్ప ఎద్దును లేపి మెల్లగా నడిపించుకుపోయి, మొన్న తను ఆవును తోలిన కంచె గండిలోంచే దాన్నీ సావుకారు పత్తిలోకి తోలి, సుంకప్ప ఎప్పుడొచ్చి పట్టుకుపోతాడా అని గట్టు చాటున కూర్చున్నాడు.