ఖాళీ చెంబు

“దుర్గా, చెంబు ఖాళీ అయిందే!” పొద్దున్నే గుడారం బయట నుంచి అమ్మ కనకరత్నం కేకేసింది.

వీరదుర్గ ఒక్క ఉదుటున బయటికొచ్చింది.

సముద్రంలో చేపల వేటకని పడవెక్కిన నాన్న తిరిగి రాక నాలుగేళ్ళు. ఉప్పుగాలికి నోరెండిపోయి వస్తాడని, సొంతూరు గిలకలదిండిలో అమ్మ రోజూ సాయంత్రం గుమ్మం బయట చెంబుడు మంచినీళ్ళు పెట్టేది. తెల్లారి చూస్తే నీళ్ళు అలాగే ఉండేవి. కర్మ చేద్దామంటే మీద పడి కొట్టేంత పని చేసేది. సముద్రం కనపడని చోట నాలుగు రోజులుంటే మనసు మళ్ళుతుందని, నమీబియాలో నర్సుగా ఉన్న దుర్గ ఆవిణ్ణి రప్పించి, ఎడారి మధ్యనున్న ఈ సఫారీ క్యాంపుకి తెచ్చింది. అమ్మ వెంట చెంబూ వచ్చింది.

చెంబు చుట్టూ ఇసుకలో గిట్టల గుర్తులున్నాయి. దుర్గ వాటిని కాలితో చెరపబోయింది.

“ఉండనీవే. చూశాన్లే. ఏం జంతువది?”

“పెద్దకొమ్ముల జింకమ్మా. ఇక్కడ వాటికి నీళ్ళెక్కడ దొరుకుతాయి?”

“పాపం, చుక్క మిగల్చలేదు.” కనకరత్నం ఆ గుర్తుల పక్కనే చతికిలబడింది. “దాహమేస్తే ఇంత ఇసక దాటుకునైనా వస్తారన్నమాట.”

“అమ్మా...”

“మీ నాన్నకి ఇంక దాహం లేదే దుర్గా. ఊళ్ళో మీ అన్నకి ఫోన్ చెయ్యి. కర్మకి రోజు చూడమను.”

అంటూ చెంబు బోర్లించింది.

ఈ మాట కోసమే నాలుగేళ్ళు ఎదురుచూసిన దుర్గ, గబుక్కున ఆ చెంబు లాక్కుని తన సీసాలోని నీళ్ళు అందులోకి వంచసాగింది.

“ఇంకొక్క రోజు చూద్దామమ్మా!”