మధ్యాహ్నం బ్యాచి

"పొద్దుటి బ్యాచిల రాస్తున్న బాయీ," అన్నాడు కాలేజీ గుమాస్తా నందకిషోర్, కలం మూత తీస్తూ.

"వద్దు సాబ్. మధ్యాహ్నం బ్యాచిల రాయుండ్రి," అంది సంగవ్వ.

నందకిషోర్ తలెత్తాడు. బిలోలి వైపు తెలుగువాడు. నాందేడ్‌లో తన భాష మాట్లాడే మనిషి కనబడితే కాస్త ఎక్కువే పట్టించుకుంటాడు.

"దవాఖానల రాత్రి డ్యూటీ అంటివి. పొద్దుగాల డ్యూటీ దిగి సీదా ఈడికే రావొచ్చు. తర్వాత ఇంటికి పోయి పండుకోవచ్చు. మధ్యాహ్నమైతె నిద్ర ఎప్పుడు పోతవ్?"

"గది నేను జూస్కుంట సాబ్. రాయుండ్రి."

రాశాడు.

సంగవ్వ దవాఖానలో ఆయా. భర్త పోయాక ఆ పనిలో చేరింది. రోగుల్ని లేపి, కూర్చోబెట్టి, మోసి మోసి నడుం పడిపోయింది. తీరిక చిక్కినప్పుడల్లా చదివి మెట్రిక్ గట్టెక్కింది. బి.ఏ. పాసైతే దవాఖాన ఆఫీసులోనే కుర్చీ దొరకొచ్చని పెద్ద డాక్టరు అన్నప్పటి నుంచి ఆమెకు కాలు నిలవలేదు. అందర్నీ బతిమాలి రాత్రి డ్యూటీకి మార్పించుకుంది.

పొద్దుటి బ్యాచి తనకెంత అనువో ఆమెకు తెలియక కాదు. అందులో మీరా ఉంది.

మీరా చీరలు ఉతికి ఇస్త్రీ చేసేది సంగవ్వే. ఆమె స్నానానికి నీళ్లు కాచేది, తిన్న కంచం కడిగేది సంగవ్వే. తానూ కాలేజీలో చేరతానని సంగవ్వ భయపడుతూ చెప్పిన రోజు, మీరా అద్దం ముందు జడ వేసుకుంటోంది. వెనక్కి తిరగకుండానే ఖరాఖండిగా చెప్పేసింది.

"చేరితె చేరు. నా బ్యాచిల మాత్రం కూసోకు. నా దోస్తుల ముంగట నన్ను పలకరియ్యకు."

"అట్లనే," అంది సంగవ్వ.

అన్న మాట నిలబెట్టుకుంది. పొద్దున డ్యూటీ దిగి, వంటా బట్టలూ ముగించేసరికి కాలేజీ వేళయ్యేది. సాయంత్రం వచ్చి ఒక్క కునుకు తీసేసరికి మళ్లీ డ్యూటీ. కళ్ల కింద నలుపు తేలింది. తోటి ఆయాలు, "మనిషివి సగమైనవ్ గదనే" అని తిట్టేవాళ్లు.

అయినా చరిత్ర పాఠం మొదలైతే నిద్ర ఎగిరిపోయేది. తన తాత చేసిన వెట్టిచాకిరీకి పుస్తకంలో చోటుందని తెలిసిన రోజు, దారి పొడుగునా తనలో తానే నవ్వుకుంటూ ఇల్లు చేరింది.

దీపావళి సెలవులయ్యాక పిడుగులాంటి వార్త తెలిసింది. మధ్యాహ్నం పాఠాలు చెప్పే సారు వేరే ఊరు వెళ్లిపోయాడు. రెండు బ్యాచిలూ పొద్దున్నే కలిపేశారు.

"ఇంకేం బాయీ, నీకు నిద్ర దొరికింది," అన్నాడు నందకిషోర్ సంబరంగా.

సంగవ్వ కొంగు తల మీదికి లాక్కుని వెనక బెంచీలో మూలకు కూర్చుంది. ముందు వరసలో మీరా మెడ బిగుసుకుపోయింది.

కొత్తగా వచ్చిన ఆమెను చూసి, పొద్దుటి పాఠాలు చెప్పే దిగంబర్ సారు ఎక్కడ పనిచేస్తారని అడిగాడు. చెప్పక తప్పలేదు. రాత్రంతా రోగుల మధ్య నిలబడి పొద్దున్నే చదువుకోవడానికి వచ్చిన ఈమెను చూసి నేర్చుకోండని సారు అందరికీ చెప్పాడు. క్లాసంతా వెనక్కి తిరిగి చూసింది. ఒక్క మీరా తప్ప.

క్లాసయ్యాక వరండాలో మీరా స్నేహితురాలు వత్సల ఆగింది.

"గామె నిన్నే చూస్తుందేందే? ఎర్కేనా నీకు?"

సంగవ్వ వాళ్ల వెనకే ఉంది. ఆ సంగతి మీరాకూ తెలుసు.

"మా ఇంట్ల బోళ్లు తోముతది," అంది మీరా.

"పాపం! గట్లనే చదువుకుంటుందా?" అని వత్సల జాలిగా నవ్వింది. సంగవ్వ కూడా నవ్వబోయింది. పెదవులు కదల్లేదు. తల వంచుకుని వాళ్లను దాటి, సీదాగా నందకిషోర్ దగ్గరికి వెళ్లింది.

"నా పేరు కొట్టెయ్యుండ్రి సాబ్."

"పిచ్చి లేసిందా బాయీ? ఇన్ని దినాలు నిద్ర చంపుకొని అచ్చినవ్. ఇప్పుడు అంత సులువైనంక ఇడిసిపెడ్తవా?"

"నాతోని అయితలేదు సాబ్."

నందకిషోర్ చాలాసేపు నచ్చజెప్పాడు. ఆమె కదల్లేదు. చివరికి విసుగొచ్చి పేరు కొట్టేశాడు.

ఆ సాయంత్రం సంగవ్వ పొయ్యి ముందు జొన్నరొట్టె కొడుతుంటే, పుస్తకాలు మంచం మీద పడేసి వచ్చిన మీరా, గడప బయట ఎన్నడూ పిలవని పిలుపుతో పిలిచింది: "అమ్మా, ఆకలైతుంది."