అరవై లోపు

"లేపండి పవన్, గురక మైకులో వినిపిస్తోంది."

శ్రీవిద్య నవ్వు ఆపుకుంటూనే అంది.

అబిడ్స్‌లో అదొక పాత హాలు. ముసలివాళ్లను ఇంట్లో చూసుకోవడానికయ్యే ఖర్చు ఎవరు భరించాలి, సర్కారు సాయం ఎవరి చేతికి అందాలి అని జనాన్ని అడగడానికి ఒక కమిటీ కూర్చుంది. నివేదిక రాసే పని శ్రీవిద్యది.

ముసలివాళ్ల చేతికే ఇవ్వాలని ఒకరు. కొడుకుల ఖాతాలో వేయాలని ఒకరు. సొంతవాళ్లను చూసుకోవడానికి జీతమేమిటి, సిగ్గులేకపోతే సరి అని మరొకరు.

ఈ గోల మధ్యలో, మొదటి వరుసలో, సరిగ్గా ఫ్యాను కింద ఒక పెద్దాయన. రోజూ మధ్యాహ్నం వస్తాడు, కూర్చుంటాడు, నిద్రపోతాడు.

పవన్‌కుమార్ వెళ్లి భుజం తట్టాడు. కమిటీ పనుల్లో శ్రీవిద్యకు కుడిచెయ్యి అతను.

"పెద్దాయనా, ఇది పడుకునే చోటు కాదండీ."

"ఔ సారూ. జర కన్నంటుకున్నది."

ఆయన తువ్వాలతో ముఖం తుడుచుకొని నేరుగా శ్రీవిద్య బల్ల దగ్గరికి వచ్చాడు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. ఆయన అడిగాడు.

"బిడ్డా, ముసలోళ్లను చూసుకునేటోళ్లకు నెలనెలా పైసలిస్తరంట గదా. నా పేరు రాస్కో. రాజమల్లు."

"అది మీకు కాదు తాతగారూ. మిమ్మల్ని చూసుకునేవాళ్లకి."

"గదే బిడ్డా. చూసుకునేటోళ్లకే."

"అయితే వాళ్లనే రమ్మనండి. కోడలా, కూతురా?"

"నన్ను చూసుకునేటోళ్లు ఎవ్వరు లేరు."

శ్రీవిద్య కలం పక్కన పెట్టింది.

"వయసెంత?"

"డెబ్బై నాలుగు. పైసలు గాకపోతే ఒక మనిషినన్న పంపున్రి. వారంల ఒక్క దినం వస్తే చాలు. నేను..."

"అర్థమైంది తాతగారూ. మీ ఇల్లెక్కడో పవన్‌కి చెప్పి వెళ్లండి. నేను చూస్తాను."

మంచి మనసున్నవాళ్లకు తొందరెక్కువ. ఎదుటివాడి కష్టం సగం వినేసరికి మందు రాసేస్తారు.

రాజమల్లు ఇంకా ఏదో చెప్పబోయాడు. గోడ గడియారం వైపు చూసి, పవన్‌కుమార్‌కు చిరునామా చెప్పి, గబగబా మెట్లు దిగిపోయాడు.

"కింద భోజనం పొట్లాలు ఇస్తున్నారు కదా మేడమ్, అందుకే ఆ పరుగు" అన్నాడు పవన్‌కుమార్.

సాయంత్రం టీ తాగుతూ అతనే అన్నాడు.

"చూసుకునేవాళ్లకి వయసు పరిమితి పెట్టాలి మేడమ్. లేకపోతే ఈ తాతలందరూ మాకే ఇవ్వమని వరస కడతారు."

"నిజమే. తమ పనే తాము చేసుకోలేనివాళ్లు ఇంకొకరిని ఏం చూస్తారు? అరవై లోపువాళ్లకే అని రాద్దాం."

రాసింది. కమిటీలో ఒక్కరు కూడా అక్షరం మార్చమనలేదు.

రాజమల్లును మాత్రం ఆమె మర్చిపోలేదు. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి, వాళ్ల ప్రాణం తీసి, ఖైరతాబాద్‌లో ఒక వృద్ధాశ్రమంలో ఆయనకు ఉచితంగా చోటు సంపాదించింది.

నివేదిక పైకి పంపేసిన రోజే ఆ శుభవార్త స్వయంగా చెబుదామని బయలుదేరింది. దారిలో మొజంజాహీ మార్కెట్‌లో బత్తాయిలు కొంది.

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఒంటిగది ఇల్లు. వాకిట్లో రాజమల్లు తడి దుప్పటి పిండుతున్నాడు.

"తాతగారూ, మీకింక ఏ బెంగా లేదు! ఆశ్రమంలో చోటు దొరికింది. రేపే బండి వస్తుంది. వేళకి తిండి, మందులు, చూసుకోవడానికి మనుషులు."

ఆయన ముఖం విప్పారింది.

"ఇద్దరికా బిడ్డా?"

"ఇద్దరెవరు?"

లోపలి నుంచి సన్నని గొంతు వినిపించింది.

"అల్లుడా... ఎవరొచ్చిన్రు?"

శ్రీవిద్య తొంగి చూసింది. మంచం మీద గుప్పెడంత మనిషి.

"మా అత్త, లక్ష్మీనర్సమ్మ" అన్నాడు రాజమల్లు. "తొంభై దాటినయి. కాళ్లు పడిపోయినయి. నేను ఇల్లరికం వచ్చినోణ్ణి బిడ్డా. అత్తమామలను సాదుతనని పెండ్లినాడు పదిమందిల ఒప్పుకున్న. దానికే నాకు ఇల్లు రాసిచ్చిన్రు."

"మరి... మీ ఆవిడ?"

"పోయి పన్నెండేండ్లాయె."

"ఆ ఇల్లు?"

"ఆమె దవాఖాన ఖర్చులకు అమ్మిన. గిది కిరాయిది."

ఇల్లూ పోయింది, ఇల్లాలూ పోయింది. ఒప్పందంలో మిగిలింది చాకిరీ ఒక్కటే. దాన్ని వదిలి వెళ్లిపోతే అడిగే నాథుడు కూడా లేడు.

"రాత్రంత పక్కకు తిప్పుకుంట ఉండాలె, లేకుంటె పుండ్లు పడ్తయి. పగటీలి పక్కింటి రాణి గీడ జరసేపు కూసుంటది. గప్పుడే మీ తానకు వచ్చిన."

శ్రీవిద్య చేతిలోని బత్తాయిల సంచి గడప పక్కన పెట్టింది.

"ఆశ్రమంలో... ఒక్కరికే చోటుంది" అంది.

"అట్లయితే నాకొద్దు బిడ్డా. నేను పోతే ఆమెకెవరు? ఫికర్ లేదు, చూసుకునేటోళ్లకు పైసలొస్తే చాలు, వారానికో దినం మనిషిని పెట్టుకుంట. రాసినవా మరి?"

"రాశాను" అంది శ్రీవిద్య. ఆ మాట అంటుంటే తన మీద తనకే రోత పుట్టింది.

"సల్లగుండు బిడ్డా."

రాజమల్లు లోపలికి వెళ్లి, వంగి, అత్తను పసిపిల్లలా రెండు చేతులతో ఎత్తి పక్క మార్చాడు.

శ్రీవిద్య రాసి, ఆ ఉదయం పైకి పంపిన వాక్యం ప్రకారం, ఆ ఇంట్లో ముసలివాళ్లు ఇద్దరున్నారు గానీ చూసుకునేవాళ్లు ఎవరూ లేరు.